ఫస్టియర్ పిల్లల్ని మొదటిసారి సిటీలో ఎక్కడికి తీసుకెళ్దాం: మ్యూజియమా, మ్యాచా, నాటకమా, నుమాయిషా?

క్లాసులు మొదలైన రెండో వారానికల్లా ప్రతి ఏడాదీ ఈ మాట వస్తుంది. సీనియర్లు నలుగురు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఫస్టియర్ వాళ్లని ఒకసారి సిటీకి తీసుకెళ్దామా?" అని అడుగుతారు. ఎక్కడికి అంటే తలో పేరు చెబుతారు. ఒకరు మ్యాచ్ అంటారు, ఒకరు గోల్కొండ అంటారు, ఇంకొకరు మాల్ అంటారు. తర్వాత వాట్సాప్ గ్రూపులో పోల్ పెడతారు. ఎక్కువ ఓట్లు పడిన చోటికి బస్సు కదులుతుంది. ఆ ఓట్లు వేసేది ఎవరో ఒకసారి గమనించండి. అప్పటికే స్నేహితులు దొరికిన పిల్లలు. మెస్సులో ఒక్కరే కూర్చుని గబగబా తిని లేచిపోయేవాళ్లు, రాత్రి పదింటికి కారిడార్ చివర నిలబడి ఇంటికి ఫోన్ చేసి చిన్న గొంతుతో మాట్లాడేవాళ్లు ఓటు వెయ్యరు. అసలు ట్రిప్పు పెట్టేదే వాళ్ల కోసం.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఫస్టియర్ పిల్లల్ని బయటికి తీసుకెళ్లే బాధ్యత ఏడేళ్లుగా నాదే. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, కడప నుంచి వస్తారు. ఒకరిద్దరు బిహార్ నుంచీ ఒడిశా నుంచీ కూడా వస్తారు. చాలామందికి ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదలు. వాళ్లతో మ్యూజియానికి వెళ్లాను, నాటకానికి వెళ్లాను, క్రికెట్‌కి, కబడ్డీకి, నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి, పండగలకి వెళ్లాను. కొన్ని బాగా కలిసొచ్చాయి, కొన్ని బెడిసికొట్టాయి. ఈసారి మీ కాలేజీలోనో హాస్టల్లోనో ఆ పని మీ మీద పడితే తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి ట్రిప్పుని నేను ముందుగా ఒకే కొలతతో చూస్తాను. పక్కనున్న కొత్త మనిషితో మాట కలపడానికి అందులో ఎంత సందు దొరుకుతుంది? ఆ తర్వాత రెండు లెక్కలు. హాస్టల్ గేటు మూసేలోపు అందరం వెనక్కి రాగలమా? తిండీ చార్జీలూ కలిపి తలకి ఎంత పడుతుంది? ఈ మూడింటితో తూచితే, పోల్‌లో గెలిచేది ఇక్కడ చాలాసార్లు ఓడిపోతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం, అక్కణ్నుంచి చార్మినార్ దాకా నడక

"మ్యూజియమా, బోర్ మేడమ్" అని మొహం పెడతారు. పెట్టనివ్వండి. ఏడేళ్లలో నాకు ఎక్కువసార్లు కలిసొచ్చింది ఇదే.

1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా, సాలార్‌జంగ్‌ల పాత నివాసం దివాన్ దేవ్డీలో మొదలైన మ్యూజియం ఇది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. లోపల పిల్లలు తప్పకుండా ఆగే చోట్లు మూడు. ఒకటి, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా. రాతిలో చెక్కిన పల్చటి ముసుగులోంచి మొహం కనబడుతుంది. అక్కడ ఎవరో ఒకరు "ఇది నిజంగా రాయేనా?" అని అడిగి తీరతారు. రెండోది, ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకుని నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (జర్మన్ నాటకం ఫౌస్ట్‌లోని దయ్యం), వెనకనున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా (అదే నాటకంలోని అమ్మాయి). అద్దంలో సరిగ్గా కనబడాలంటే అటూ ఇటూ జరగాలి, పక్కవాళ్లని "కొంచెం జరుగు" అనాలి. నన్నడిగితే స్నేహాలు ఇలాంటి చిన్న చిన్న మాటలతోనే మొదలవుతాయి.

మూడోది గడియారం. గంట గంటకీ గడ్డం ఉన్న చిన్న బొమ్మ లోపలి నుంచి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. గడియారంలో ఇంకో పక్క కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తితో కొడుతూనే ఉంటుంది. జనం ముందే వచ్చి కూర్చుని ఎదురుచూస్తారు. ఒక ఏడాది మా గుంపు పదిహేను నిమిషాలు ముందే చేరింది. ఫోను చూసుకోవడం తప్ప చేసేదేం లేదు. ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, ఉట్నూరు నుంచి వచ్చిన అమ్మాయి పక్కపక్కన కూర్చున్నారు. మూడు వారాలుగా ఒకే క్లాసు, ఒక్క మాటా లేదు. ఉట్నూరు అమ్మాయి "ఇంకెంతసేపు కొడ్తది?" అంది. "పన్నెండైతే పన్నెండుసార్లు కొడతాది" అంది ఇచ్ఛాపురం అమ్మాయి. ఒకరి యాసకి ఒకరు నవ్వుకున్నారు. బొమ్మ బయటికొచ్చేసరికి ఇద్దరూ ఒకే ఫోనులో వీడియో తీస్తున్నారు. ఆ పదిహేను నిమిషాల ఖాళీ ఏ స్టేడియంలోనూ దొరకదు.

మధ్యాహ్నం బయటికొచ్చాక మదీనా మీదుగా, పత్తర్‌గట్టి రాతి కమానుల పక్క నుంచి, చార్ కమాన్, గుల్జార్ హౌజ్ దాటుకుంటూ చార్మినార్‌కి నడవండి. మదీనా నుంచి తిన్నగా ఒకటే రోడ్డు, తప్పిపోవడానికి లేదు. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చాయ్‌లో బిస్కెట్ ముంచితే ఎంతసేపట్లో విరుగుతుందన్నది ప్రతి బ్యాచ్‌లోనూ చర్చకొస్తుంది. రావడానికి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలు మాట్లాడుకుంటే చాలు. మ్యూజియం టికెట్టు సినిమా టికెట్టు కన్నా చాలా తక్కువ. మాకు చార్జీలు, టికెట్టు, తిండి కలిపి తలకి మూడు వందల్లో అయిపోతుంది, సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్లో ఉంటాం. ఒక్క జాగ్రత్త: శుక్రవారం మ్యూజియానికి సెలవు.

క్రికెట్ మ్యాచ్

పోల్‌లో ఎప్పుడూ గెలిచేది ఇదే, ఎందుకో నాకూ అర్థమవుతుంది. 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టిన రాత్రి మా పిల్లలు నలుగురు స్టేడియంలో ఉన్నారు. ముంబై కూడా 246 కొట్టింది. మర్నాడు క్లాసుకి గొంతులు పోయి వచ్చారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆనందాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే ఆ నలుగురూ అప్పటికే ఒకే రూములో ఉంటున్నవాళ్లు. మ్యాచ్ ఉన్న స్నేహాన్ని గట్టిచేస్తుంది. లేని స్నేహాన్ని పుట్టించడం దానికి కష్టం, ఎందుకంటే ఆ హోరులో పక్కవాడి పేరు అడిగినా వినబడదు.

సీట్ల సంగతీ చూడండి. ఐపీఎల్‌కి చౌక టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. పదిహేను సీట్లు పక్కపక్కన దొరకడం దాదాపు జరగని పని. ఇద్దరిక్కడ, ముగ్గురక్కడ పడతారు. ఎవరితో వెళ్లాలా అని బెంగపడిన పిల్లాడు చివరికి ముక్కూ మొహం తెలియని జనం మధ్య ఒంటరిగా కూర్చుంటాడు.

ఇక వెనక్కి రావడం. రాత్రి 7:30కి మొదలయ్యే మ్యాచ్ పదకొండు దాటాక ముగుస్తుంది. ఉప్పల్‌లో స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, రావడం తేలిక. తిరిగి వెళ్లేటప్పుడు అందరూ ఒక్కసారే ఆ మెట్ల మీద పడతారు, ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మాయిల హాస్టళ్లు తొమ్మిదికో తొమ్మిదిన్నరకో గేటు వేస్తాయి కాబట్టి సగం బ్యాచ్‌కి ఈ ట్రిప్పు మొదట్లోనే మూసుకుపోతుంది. అబ్బాయిలు మాత్రమే వెళ్లే ట్రిప్పుని ఫస్టియర్ ట్రిప్పు అనడం నాకు ఇష్టముండదు.

వెళ్లాలనే ఉంటే మధ్యాహ్నం 3:30 మ్యాచ్ చూసుకోండి. శని, ఆదివారాల్లో రెండు మ్యాచ్‌లున్న రోజుల్లో మొదటిది ఆ టైమ్‌కి ఉంటుంది. రాత్రి ఏడున్నరకల్లా బయటపడొచ్చు. టోపీ పెట్టుకోండి, ఏప్రిల్ ఎండ మామూలుగా ఉండదు. బ్యాగు, పవర్ బ్యాంకు, నీళ్ల సీసా అసలు తేవద్దని ముందురోజే అందరికీ చెప్పండి. ఒకసారి నేను చెప్పడం మర్చిపోయాను. ముగ్గురు పిల్లలు బ్యాగులతో వచ్చారు. వాటిని పెట్టడానికి చోటు వెతికి, తిరిగొచ్చి, మళ్లీ లైన్లో నిలబడేసరికి ఒక ఇన్నింగ్స్ సగం అయిపోయింది. ఆ ముగ్గురూ ఖర్చు తగ్గుతుందని ఇంటి నుంచి టిఫిన్ బాక్సులు తెచ్చుకున్నవాళ్లు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కబడ్డీ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను

ఆటే చూపించాలనుకుంటే గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఎప్పుడేం జరుగుతుందో ఒక కన్నేసి ఉంచండి. 2024 అక్టోబర్‌లో ప్రో కబడ్డీ పదకొండో సీజన్ అక్కడే మొదలైంది, తెలుగు టైటాన్స్ సొంత గడ్డ మీద ఆడింది. వాలీబాల్, బ్యాడ్మింటన్ పోటీలు కూడా అక్కడ జరుగుతుంటాయి.

ఇండోర్ కాబట్టి హాలు చిన్నది, గుంపు అంతా ఒకచోట కూర్చునే వీలుంటుంది. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాల ఆట, మధ్యలో విరామం, ఒక్క సాయంత్రం రెండు మ్యాచ్‌లు. ఒకటి చూసి లేచిపోయినా ఏమీ పోగొట్టుకున్నట్టు ఉండదు. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. క్రికెట్ దగ్గర సిటీ పిల్లలు వాగుతారు, పల్లె పిల్లలు వింటారు. కబడ్డీ దగ్గర అది తిరగబడుతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి క్లాసులో ఇంగ్లీషు భయంతో తల ఎత్తేవాడు కాదు. ఆ రోజు బోనస్ లైన్ ఏంటో, రైడర్‌కి ముప్పై సెకన్లే ఎందుకో, యాంకిల్ హోల్డ్ ఎట్లా పడతారో తన చుట్టూ కూర్చున్న పదిమందికి చేతులతో చూపించి మరీ చెప్పాడు. వాళ్లూళ్లో సంక్రాంతి పోటీలకి ఆడేవాడట. ఆ రోజు నుంచి కాలేజీ టీమ్‌లో వాడి పేరు మొదట రాసుకున్నారు.

ఇబ్బంది ఒక్కటే, గచ్చిబౌలికి మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఆ రోడ్డు మీద ట్రాఫిక్ టెన్షన్ తప్పదు. కాలేజీ బస్సు దొరికితే తీసుకోండి.

నాటకం, నాట్యం

రవీంద్రభారతి 1961లో టాగూర్ శతజయంతి గుర్తుగా కట్టింది. అసెంబ్లీ, లక్డీకాపూల్ రెండు మెట్రో స్టేషన్లూ దగ్గరే. ఇక్కడ సురభి వాళ్ల నాటకం పడిందంటే మాత్రం మిగతా ప్లాన్లన్నీ పక్కన పెట్టి వెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం అది. కుటుంబాలకు కుటుంబాలే నటులు, పసిపిల్లలు కూడా స్టేజీ మీదే పెరుగుతారు. మాయాబజార్ ఆడితే ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు కళ్ల ముందే ఎగిరి వెళతాయి. మంటలు, వాన, ఆకాశంలో నారదుడు, అన్నీ తాళ్లు, తెరలు, లైట్లతో చేస్తారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కి అలవాటుపడ్డ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. బయటికొచ్చాక ఇంజినీరింగ్ బుర్రలు పనిచెయ్యడం మొదలుపెడతాయి. ఆ తాడు ఎక్కణ్నుంచి వచ్చింది, ఆ లైటు ఎటు పడింది అని బస్సులో ఇంటిదాకా ఒకటే వాదన. మా బ్యాచ్‌లో ఒక కడప అబ్బాయి "ఇది మా జిల్లాలో పుట్టిందని నాకే తెలీదు మేడమ్" అన్నాడు. ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి వాళ్ల తాతని అడిగితే, చిన్నప్పుడు తాను చూసిన నాటకాల గురించి ఆయన గంటసేపు చెప్పాడట.

నాటకంతో చిక్కు ఏంటంటే చూస్తున్నంతసేపూ నోరు మూసుకునే ఉండాలి. మాట కలపడమంతా ముందూ తర్వాతా జరగాలి. కాబట్టి అరగంట ముందే చేరి బయట టీ తాగించండి. సంఘాలు పెట్టే కార్యక్రమాల్లో ముందు జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, సన్మానాలు ఉంటాయి, అసలు తెర లేవడం ఆలస్యమవుతుంది. ఆరున్నర అని కార్డులో ఉంటే ముగిసేది ఎప్పుడో ముందే నిర్వాహకులకు ఫోన్ చేసి కనుక్కోండి. తెలుగు రాని పిల్లలుంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టి ముందే కథ చెప్పించాలి. అది కూడా ఒక పరిచయమే.

భాష అడ్డం రాకూడదు, ఖర్చు తక్కువ ఉండాలి అనుకుంటే శిల్పారామం. హైటెక్ సిటీ మెట్రోకి దగ్గర. వారాంతాల్లో సాయంత్రం కూచిపూడి, భరతనాట్యం లాంటివి ఆరుబయట స్టేజీ మీద ఉంటాయి. నచ్చితే కూర్చుంటారు, లేకపోతే లేచి చేనేత దుకాణాలు, కొండపల్లి బొమ్మలు చూసుకుంటూ తిరుగుతారు. ఎవరినీ కట్టిపడెయ్యదు. మొదటి ట్రిప్పుకి సాలార్‌జంగ్ కుదరకపోతే నా రెండో ఓటు దీనికే.

బంజారాహిల్స్‌లో లామకాన్ గురించి సీనియర్లు తప్పకుండా అడుగుతారు. 2010 నుంచి నడుస్తున్న చోటు. పాత ఇల్లు, రాళ్ల మధ్య ఆరుబయట స్టేజీ, చవక చాయ్, నాటకాలు, చర్చలు, పాటలు. నాకు చాలా ఇష్టమైన చోటది. అయితే అది అయిదారుగురు కలిసి వెళ్లి కూర్చోవాల్సిన చోటు. పదిహేనుమందితో వెళితే అక్కడున్నవాళ్లకీ ఇబ్బంది, మనకీ ఇబ్బంది. రెండో సెమిస్టర్లో, ఎవరి అభిరుచి ఏమిటో తెలిశాక చిన్న జట్టుగా వెళ్లమని చెప్పండి.

నుమాయిష్

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే నుమాయిష్‌కి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు బస్సులో నేను ఒక సంగతి చెబుతాను. దీన్ని మొదలుపెట్టింది మీలాంటివాళ్లే అని. 1938లో ఉస్మానియా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్లు కొందరు, అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చెయ్యడానికి డబ్బు కావాలని, స్థానికంగా తయారైన వస్తువులతో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టారు. కొద్దిపాటి స్టాళ్లతో మొదలైంది. 1946లో నాంపల్లికి మారింది. ఇప్పటికీ దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. కశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ పని, మిర్చి బజ్జీ, జెయింట్ వీలు చూసేవాళ్లకి ఈ వెనక కథ తెలియదు.

నుమాయిష్‌లో జనం ఎక్కువ, చప్పుడెక్కువ. మ్యాచ్‌కి చెప్పిన అభ్యంతరం దీనికీ వర్తిస్తుంది కదా అనొచ్చు. తేడా ఏంటంటే ఇక్కడ నడుస్తూ, ఆగుతూ, బేరమాడుతూ తిరుగుతాం, అందరికీ పని ఉంటుంది. నేనయితే పిల్లల్ని నలుగురు చొప్పున విడదీస్తాను. ఒకే రూమువాళ్లు ఒకే జట్టులో పడకుండా చూస్తాను. జట్టుకి రెండు వందలిచ్చి, హాస్టల్ రూముకి పనికొచ్చే వస్తువు ఒకటి కొనుక్కురమ్మంటాను. ఎవరు బాగా బేరమాడితే వాళ్లకి బజ్జీలు నా ఖర్చు.

ఒక ఏడాది బోధన్ నుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, తెలుగు తడుముకుంటూ మాట్లాడేవాడు, అందుకని క్లాసులో వెనక బెంచీలో మౌనంగా కూర్చునేవాడు. వాళ్ల జట్టు బట్టలు ఆరేసుకునే స్టాండు దగ్గర ఆగింది. షాపతను మూడొందల యాభై అన్నాడు. మిగతా ముగ్గురూ రెండొందలు చూపించి బతిమాలుతున్నారు. ఈ అబ్బాయి ముందుకొచ్చి స్టాండు తెరిచి, ఒక కాలు ఊగుతోందని వేలితో ఊపి చూపించి, "చచా, సహీ దామ్ బోలో" (బాబాయ్, సరైన ధర చెప్పు) అని మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలు అచ్చమైన దక్కనీ ఉర్దూలో నడిచింది. చివరికి నూట ఎనభైకి ఇస్తూ షాపతనే నవ్వి, క్లిప్పులు కొన్ని ఊరికే ఇచ్చాడు. ఆ తర్వాత ఏం కొనాలన్నా మిగతా జట్లు కూడా "వాణ్ని పిలవండిరా" అనడమే. ఆ స్టాండు ఆ నలుగురి మధ్య రూములు మారుతూ రెండేళ్లు తిరిగింది.

జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. జనం మధ్య ఫోన్లు సరిగ్గా కలవవు. లోపలికి వెళ్లగానే అందరూ కలుసుకునే చోటు ఒకటి, టైమ్ ఒకటి నోటితో చెప్పి, ప్రతి ఒక్కరితో తిరిగి చెప్పించండి. 2019 జనవరి 30 రాత్రి అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా స్టాళ్లు కాలిపోయాయి. అందుకే ఏ గేటు ఎటు ఉందో వెళ్లిన వెంటనే చూపిస్తాను. ఆదివారం వద్దు, మంగళ, బుధవారాల్లో సాయంత్రం తెరవగానే వెళ్లి ఎనిమిదికి బయటపడండి. నాంపల్లి, గాంధీభవన్ మెట్రో స్టేషన్లు రెండూ పక్కనే కాబట్టి రాకపోకలకి లోటు లేదు.

పండగలు, గోల్కొండ

ఖైరతాబాద్ గణపతిని 1954 నుంచి నిలబెడుతున్నారు, 2024లో డెబ్బై ఏళ్లకి డెబ్బై అడుగుల విగ్రహం పెట్టారు. చూపించాల్సిందే. పనిరోజు పొద్దున్నే వెళ్లి రండి. నిమజ్జనం రోజు కొత్త పిల్లల్ని ట్యాంక్‌బండ్ వైపు తీసుకెళ్లే ధైర్యం నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు.

బతుకమ్మకి ఎక్కడికీ వెళ్లకండి, హాస్టల్లోనే పేర్చించండి. తంగేడు, గునుగు, బంతి తెప్పిస్తే చాలు. తెలంగాణ అమ్మాయిలు పేర్చడం చూపిస్తారు, ఆంధ్ర అమ్మాయిలు రెండో రోజుకల్లా ఉయ్యాలో అందుకుంటారు. బయట నిలబడి చూసిన పండగ కన్నా చేతులకి పసుపు అంటిన పండగ ఎక్కువ గుర్తుంటుంది.

గోల్కొండ నేను తప్పు చేసిన చోటు. కింద కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది, పిల్లలకి అది ఎంత సరదానో మాటల్లో చెప్పలేను. కానీ పైకి మూడు వందలకు పైగా మెట్లున్నాయి. నా రెండో ఏడాది ట్రిప్పులో ఒక అమ్మాయికి ఆస్తమా ఉందని నాకు తెలియదు, నేను అడగలేదు. కొంచెం ఎక్కి, ఊపిరాడక, ఎవరికీ చెప్పకుండా కిందికి దిగి చెట్టు కింద కూర్చుంది. మేము పైన ఫోటోలు తీసుకుంటున్నాం. తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. పరిగెత్తుకుంటూ దిగేసరికి రెండు గంటలుగా ఒక్కతే కూర్చుని ఉంది. "అందరి సరదా పాడుచెయ్యడం ఎందుకని, మేడమ్" అంది. ఆ రోజు నుంచి ట్రిప్పుకి ముందు ప్రతి ఒక్కరినీ విడిగా అడుగుతాను, అందరి ముందూ అడగను: మెట్లు ఎక్కగలవా, మందులేమైనా వాడుతున్నావా, డబ్బు ఇబ్బందేమైనా ఉందా? ఎవరైనా ఎక్కలేరంటే గోల్కొండ మానేసి సాలార్‌జంగ్‌కే వెళతాం.

గుంపు ఎంత, డబ్బు ఎలా

పన్నెండు నుంచి పదహారుమంది. అంతకు మించితే రెండు ట్రిప్పులు చెయ్యండి. యాభైమంది వెళితే ముందు నడిచే సీనియర్లకీ వెనక నడిచే ఒంటరి పిల్లలకీ మధ్య వంద గజాల దూరం ఉంటుంది. మెట్రోలో పదహారుమంది ఒకే పెట్టెలో ఎక్కొచ్చు, తలలు లెక్కపెట్టడమూ తేలిక.

డబ్బు అడిగే తీరు చాలా ముఖ్యం. గ్రూపులో "ఇంకా ఎవరు పంపలేదు" అని పేర్లు పెట్టకండి. తలకి ఎంతో ముందే ఒకే మొత్తం చెప్పండి, చార్జీలు కూడా అందులోనే కలపండి. దీనికి ఒక కారణం ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ అడ్రసున్న అమ్మాయిలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు ఉండవు. విజయనగరం అడ్రసున్న అమ్మాయికి, అబ్బాయిలకి ఉంటాయి. ఎవరి టికెట్టు వాళ్లు కొనుక్కోమంటే ఎక్కగానే ఒక గీత గీసినట్టవుతుంది. అందరి దగ్గరా ఒకేలా తీసుకుని, మిగిలినదానితో చాయ్ తాగండి. అన్నట్టు, మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు, మెట్రో రైలు కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు ప్రతి ఏడాదీ ఇక్కడ పొరబడతారు, ముందే చెప్పెయ్యండి.

నేనయితే ఏ వరసలో వెళతాను

సెప్టెంబర్‌లో సాలార్‌జంగ్, చార్మినార్. అక్టోబర్‌లో హాస్టల్లోనే బతుకమ్మ, గచ్చిబౌలిలో ఏదైనా లీగ్ ఉంటే ఆ నెలలోనే ఒక సాయంత్రం. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి చదివే అలవాటున్నవాళ్లు వెళ్లొస్తారు, అందరినీ లాక్కెళ్లక్కర్లేదు. జనవరిలో నుమాయిష్ తప్పనిసరి. సురభి నాటకం ఏ నెలలో పడితే ఆ నెలలో. మ్యాచ్‌ని మార్చి, ఏప్రిల్‌లకి ఉంచండి. అప్పటికి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో పిల్లలే తేల్చుకుని ఉంటారు, సీట్లు విడిపోయినా బెంగ ఉండదు. పోల్ కూడా అప్పుడే పెట్టండి, అప్పుడు అందరూ ఓటేస్తారు.

ఒకే ఒక్క ట్రిప్పుకి అనుమతి వచ్చిందనుకోండి, సెప్టెంబర్ శనివారం పొద్దున తొమ్మిదికి బయల్దేరి సాలార్‌జంగ్‌కే వెళ్లండి. పదకొండూ నలభైకల్లా గడియారం ముందు ఉండాలి, ఆలస్యమైతే కూర్చోవడానికి చోటు దొరకదు. ఒకే రూమువాళ్లని పక్కపక్కన కూర్చోనివ్వకండి.